గడియ మీద నీలం మరక

ఎగుమతి రుణాల ఆఫీసరు గారికి నమస్కారం.

నేను పంపుల ఫ్యాక్టరీలో రంగులేసే ఆయన భార్యనండీ. ఆర్డర్లు లేక ఫ్యాక్టరీ మూతపడ్డాక రంగు అంటక మా ఆయన చేతులు తెల్లబడ్డాయి, మొహం నల్లబడింది. మీరు విదేశీ కంపెనీకి అప్పిచ్చారని విని మా అత్తగారు, "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోతా?" అని మండిపడ్డారు. ఆ అప్పుతో వాళ్లు మా పంపులే కొన్నారు! దాంతో మా యజమాని ఫ్యాక్టరీ మళ్లీ తెరిచి అందరినీ పనిలోకి పిలిచారు. ఇప్పుడు అత్తగారు పొద్దున లేస్తూనే మీకు దణ్ణం పెడుతున్నారు. పేరు తెలీక "అప్పుల బాబు" అంటున్నారు, ఏమీ అనుకోకండి.

నిన్న మా ఆయన పని నుంచి వచ్చి తలుపు తీస్తే గడియకు నీలం రంగు అంటింది. ఇదివరకైతే సణుక్కుంటూ కిరసనాయిలుతో తుడిచేదాన్ని. ఈసారి గుడ్డ పట్టుకెళ్లి, మరక చుట్టూ దుమ్ము మాత్రం తుడిచి వచ్చాను.

ఉంటానండీ,
ఆ అత్తగారి కోడలు