డాబా మీద వినపడ్డ సెమినార్

మంగళవారం రాత్రి, తార్నాక రూమ్

లాప్‌టాప్‌ల లైనక్స్ ఎక్కించినప్పటి సంది పై వరుస కీలు మొరాయిస్తున్నయ్. పొద్దున క్యాంపస్ లైబ్రరీల కూసొని బూట్ సెట్టింగ్‌ల ఒక్క లైను మార్చిన, బ్రైట్‌నెస్ కీలు దారికొచ్చినయ్. ఎంత ఖుషీ!

సాయంత్రం రూముల వాల్యూమ్ కీలు చూద్దామని, జొన్న వేర్ల మీద రేపు ఇచ్చే సెమినార్ కోసం రికార్డు చేసుకున్న నా మాటలే పెట్టిన. కీ నొక్కితే స్క్రీన్ మీద గీత పెరుగుతున్నది, సౌండ్ మాత్రం రాదు. తిట్టుకుంట ఫుల్లుదాక నొక్కిన.

రూమ్మేట్ మెర్సీ డాబా మీదికెంచి ఉరికొచ్చింది. "ఒసేయ్, ఆపవే! పైన మా చర్చి కొయిర్ ప్రాక్టీసులో నీ జొన్న వేర్లు మోగిపోతున్నాయి!"

ఇంతకుముందు ఒకసారి జోడించిన మెర్సీ బ్లూటూత్ స్పీకర్, పైన ఆన్ చెయ్యంగనే నా లాప్‌టాప్‌కు కనెక్ట్ అయిందట. కీలు పాపం మంచిగనే పని చేసినయ్.

నలుగురి ముందట నా గొంతు లేవదనే కదా ఈ సెమినార్ భయమంతా. సారీ చెప్దామని పైకి పోతే, పాటలు వినేతందుకు వచ్చిన ఓనర్ ఆంటీ పట్టుకున్నది. "ఏంది బిడ్డా, మధ్యల బంద్ చేసినవ్? నీళ్లు దొరకకపోతే ఆ వేర్లు ఏం చేస్తయ్?"

పిట్టగోడ మీద కూసొని మిగతాదంతా చెప్పిన. కొయిరోళ్లు కూడ విన్నరు. స్లైడ్లు లేవన్న సంగతే యాదికి రాలే.

రేపు సెమినార్ హాల్ల ఆంటీ ఉండదు. అయినా ఎవరో ఒకరు గట్లనే అడుగుతరేమో...

మ్యూట్ కీ ఒక్కటి ఇంకా పని చేస్తలేదు. చెయ్యకపోనీ.