గుండెకు మంచిదని కొన్న ఉప్పు

ఏమండీ,

బస్సుకి టైమైపోయింది, మిమ్మల్ని లేపలేదు. వంట చేసి మూతపెట్టాను, ఉప్పు వేయలేదు. చప్పగా ఉందని అలమరాలు వెతక్కండి, ఆ ప్యాకెట్ చెత్తబుట్టలో పడేశాను. కొత్త మందు మర్చిపోకండి. గుండె దడగా అనిపిస్తే కటింగ్ సగంలో ఉన్నా సరే, కత్తెర అక్కడ పెట్టేసి ఆస్పత్రికి వెళ్ళిపోండి. సాయంత్రం రక్తపరీక్షకి నేనే తీసుకెళ్తాను.

ఉప్పు తగ్గించమన్నాక కంచం ముందు మీరు మొహం వేలాడేస్తే చూడలేకపోయాను. ‘గుండెకు మంచిది’ అని ప్యాకెట్ మీద ఉంటే మురిసిపోయి కొన్నాను. అందులో పొటాషియం ఉంటుందనీ, మీ కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండెకే ముప్పనీ నాకేం తెలుసు.

నిన్న డాక్టరమ్మ “ఈ ఉప్పు ఎవరు తెచ్చారు?” అని గదిమితే “నేనేనండి” అని చివాట్లన్నీ మీరే తిన్నారు. నేను పక్కనే కూర్చుని బ్యాగు జిప్పు లాగుతూ ఉండిపోయాను.

ఇంకోటి. రాత్రి మీరు స్నానానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మకి ఫోన్ చేసి, తెచ్చింది నేనేనని చెప్పేశాను. “తెలుసమ్మా” అన్నారు. ప్యాకెట్ ఏ రంగని అడిగితే మీరు నీళ్లు నమిలారుగా, అప్పుడే పట్టేశారట. అంటే నేను నోరు మెదపకుండా కూర్చోవడం కూడా చూశారన్నమాట.