ఖర్బూజా గ్లాసులో మాత్ర

ఏప్రిల్ 9
అక్క బీపీ 180/100. డాక్టరు రాసిన మాత్ర ఇస్తే మొక్క కుండీలోకి విసిరింది. నలభై ఏళ్లు నర్సుగా అందరి చేతా మింగించాను, నేను మాత్రం మింగనురా అంది.

ఏప్రిల్ 11, ఉదయం 10
ఎండ అప్పుడే మండుతోంది. ఖర్బూజా గింజలు తీసి, ముక్కలు కోసి, పుదీనా, నిమ్మరసం, ఐసు వేసి మిక్సీ తిప్పాను. మాత్ర పొడి చేసి అక్క గ్లాసులో కలిపాను. చుక్క మిగల్చకుండా తాగింది. వార్తలు రాసి చెడిపోయావు గానీ నీ చేతికి ఈ పనే నప్పుతుందిరా అంది. నవ్వాను.

ఏప్రిల్ 24
130/80. అక్కే చూసుకుంది. అంతా పండు మహిమేనట. మాత్రల్ని మీ డాక్టర్నే మింగమను అంది. ఫోన్లో పిన్నికి చెప్పింది, మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లకూ చెప్పింది. మిక్సీ కడుగుతూ విన్నాను. ఈరోజే చెప్పేయాల్సింది.

ఏప్రిల్ 28
పుచ్చకాయ, ఐసు, మాత్ర. ఇవాళా చెప్పలేదు.

మే 2, మధ్యాహ్నం 3
కింది అంతస్తు దర్జీ కుట్టుమిషన్ ముందే కళ్లు తిరిగి పడ్డాడు. నుదురు చిట్లింది. అక్క కాళ్లు ఎత్తి పెట్టించి బీపీ చూసింది. 84/50. ఏం తిన్నావయ్యా అని అడిగితే, పనిలో పడి తిండే తినలేదమ్మా, మీరిచ్చిన జూసే అన్నాడు.

నాలుగు రోజులుగా తన గ్లాసులో సగం అతనికిస్తోందట. అతను తలనొప్పి అంటే, నా బీపీనే తగ్గించింది కదా, నీకూ తగ్గిస్తుంది అని. ఇవాళ నిండు గ్లాసూ ఇచ్చేసింది.

చుట్టూ ఉన్నవాళ్లు వడదెబ్బ అన్నారు. నేనూ తలూపాను. ముప్ఫై ఏళ్లు ఎవరు ఏం దాచారో పట్టుకుని పేపర్లో రాసినవాణ్ని.

సాయంత్రం 6
ఆసుపత్రి నుంచి అక్క ఫోన్. మూడు కుట్లు పడ్డాయి, సెలైన్ ఎక్కుతోంది. జన్మంతా బట్టలకు కుట్లు వేశాను, ఇవాళ నాకే వేశారని దర్జీ నవ్వుతున్నాడట. రేపు రెండు గ్లాసులు చెయ్యరా, పాపం నీరసపడిపోయాడు అంది.

రాత్రి 8
ఆసుపత్రికి వెళ్లి అక్కకు చెప్పాను, వరండాలో నిలబెట్టి. అక్క తిట్టలేదు. మాత్ర పేరేంటి, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నింటికి కలిపావు అని మూడే అడిగింది, ఎవరో పేషెంటు తాలూకు మనిషిని అడిగినట్టు. డాక్టరుకు చెప్పడానికి లోపలికి పోతూ, అతనికి నువ్వే చెప్పు అంది.

చెప్పాను. దర్జీ సెలైన్ సీసా వైపు చూస్తూ, అమ్మగారికి తెలీకుండా ఇన్నాళ్లా అన్నాడు. తన నుదుటి మాట ఎత్తలేదు.

మే 5
అక్క మాత్ర మింగుతోంది. నా ఎదురుగా వచ్చి మింగి, నోరు తెరిచి చూపిస్తోంది. నేను అడగలేదు.

మే 9
ఖర్బూజా అక్కే కోసింది. మిక్సీ అక్కే తిప్పింది. నా గ్లాసులోంచి ఒక గుక్క తాను తాగి, అప్పుడు నా ముందు పెట్టింది.