తుప్పు పొడి, రొయ్యపిల్లలు

మావా,

ఇవాళ నీ సంవత్సరీకం. భోజనాలయ్యాక మన కూతురు నాగమణి కాలేజీ నుంచి తెచ్చిన సీసా తీసింది. అందులో ఎర్రటి పొడి. ఇనుప తుప్పుతోనే చేశారట. కంటికి ఆనని గుండ్లట, ఒంటినిండా చిల్లులట, ఫ్యాక్టరీ వదిలిన రంగునంతా పీల్చేసుకుంటాయట. జీవితమంతా పడవ ఇంజను తుప్పు గీకినవాడివి. అదే తుప్పు మన కాలువను బాగుచేస్తుందంటే నువ్వు నమ్ముతావా? నేనూ నమ్మలేదు.

నాగమణి కాలువలోంచి ఎర్రనీళ్లు బకెట్‌తో తెచ్చి, పొడి కలిపి, తేరుకున్నాక పైనీళ్లు బేసిన్‌లోకి వంచింది.

"తేటగా ఉంటే మంచినీళ్లయిపోతాయేంటే?" అన్నాను.

"ప్రాణమున్నవే తెచ్చానమ్మా, వదిలి చూద్దాం" అంది.

నా అనుమానం ఇంకా పెరిగింది. కొరమీను తెచ్చుంటుంది అనుకున్నాను. అది బురదలోనైనా బతికేస్తుంది. దాన్ని చూపించి చెరువు నీళ్లు మంచివని నమ్మించేవాళ్లను నువ్వెంత తిట్టేవాడివో! డబ్బా మూత తీసి చూశాను. రొయ్యపిల్లలు. నీళ్లలో ఏ తేడా ఉన్నా ముందు చచ్చేవి అవే.

"కొరమీనైతే నాన్న ఒప్పుకునేవాడా?" అంది.

వాటిని బేసిన్‌లో వదిలింది. సాయంత్రానికి కూడా అవి ఈదుతూనే ఉన్నాయి.

"రంగు తాగిన పొడిని ఎక్కడ పోస్తారే?" అన్నాను.

"అది ఇంకా తేలలేదమ్మా. అందుకే నేనూ పూర్తిగా నమ్మట్లేదు" అంది.

బేసిన్ పక్కన పీట వేసుకుని, అచ్చం నీలాగే మోకాళ్ల మీద గెడ్డం ఆనించి కూర్చుంది. నేనూ ఒక పీట తెచ్చుకున్నాను.