పగడాలకు మైల

అక్క ఉనైసీకి,

నీ చెల్లెలు సెరువాయా రాసేది. అమ్మ మోకాళ్ళు తప్ప ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వు సిడ్నీ చలిలో ఆ ముసలివాళ్ళ మంచాలు సర్దుతూ నడుం విరగ్గొట్టుకోవడం లేదనుకుంటాను.

అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. వంటింటి రేకు మార్చాం. పందులు తవ్వుకున్నది పోను కర్రపెండలం ఈసారి బాగానే ఊరింది. నువ్వు పంపిన పసుపుపూల గౌనులో అమ్మ ఫొటో ఏదని రెండు ఉత్తరాల్లో అడిగావు. అది ఇంకా పెట్టెలోనే ఉంది. నాన్న కోసం కట్టిన నలుపు అమ్మ ఇంకా తీయలేదు.

నాన్న పోయినప్పుడు ఆనవాయితీ ప్రకారం మన రేవు ఎదుటి పగడపు దిబ్బను ఎవరూ చేపలు పట్టకుండా మూశారు కదా. నూరు రాత్రులయ్యాక దాన్ని తెరిచి, ఆ చేపలతో ఊరికి భోజనం పెడితేనే అమ్మకు మైల వదిలేది. నాన్న ఉండగానే నేను అక్కడ పగడం నాటడం మొదలుపెట్టాను. విరిగిన కొమ్మల్ని ఇనప చట్రాలకు కట్టి, నెలనెలా మునిగి స్కేలుతో కొలిచేదాన్ని. దిబ్బ మూశాక వాటికి తెరిపి దొరికింది. వేలెడు కొమ్మలు పిలకలు వేశాయి.

గడువు దగ్గరపడ్డప్పుడు, ఇంకో ఏడాది మూసి ఉంచమని పెద్దల్ని అడిగాను. వలలు దిగితే చట్రాలు మిగలవని, నాచు మేసే చేపల్ని పట్టేస్తే పగడాన్ని నాచు కప్పేస్తుందని చెప్పాను. సిమియోనే చిన్నాన్న తాగుతున్న యంగోనా కషాయం చిప్ప దించి, కొలిచి కొలిచి పొడుగు చెయ్యి తల్లీ, కూరలో వేసుకుంటాం అని నవ్వాడు. తర్వాత నవ్వు మాని, దిబ్బ తెరవందే మీ అమ్మ నలుపు తీయడానికి లేదు, గుర్తుందా అన్నాడు. అందరూ అమ్మ వైపు చూశారు.

"నాకీ నలుపు అలవాటైపోయింది. పిల్ల అడుగుతోందిగా, ఉండనివ్వండి," అంది అమ్మ.

అప్పటినుంచి అమ్మ ఒక్క పెళ్ళికీ వెళ్ళలేదు, తలలో పువ్వు పెట్టలేదు. నేను తడిబట్టలతో రాగానే ఎంత పెరిగిందని అడిగేది. నేను వేలి మీద గీత పెట్టి చూపించేదాన్ని.

నీకు రాయలేక దాటవేస్తూ వచ్చింది ఇప్పుడు చెబుతాను. పగడం చచ్చిపోయింది అక్కా. ఫిబ్రవరి ఎండలకు నీళ్ళు స్నానానికి కాచినట్టు వేడెక్కాయి. కొమ్మలన్నీ తెల్లబడ్డాయి, ఆపైన నాచు పట్టింది. ఆ నెల కూడా కొలిచాను. ఒక్క కొమ్మా పొట్టి కాలేదు. స్కేలుకు చచ్చిందీ బతికిందీ తెలియదు. నీళ్ళలోనే ఏడ్చాను. అమ్మను ఇన్నాళ్ళు నలుపులో కూర్చోబెట్టింది నేనే, ఇక ఏ ముఖంతో చెప్పను?

పోయిన ఆదివారం చెప్పేశాను. అమ్మ పడవ తీయమంది. చిన్నాన్న గెడ వేశాడు. దిబ్బ దగ్గర ఆటుకు నీళ్ళు లోతు తగ్గి ఉన్నాయి. అమ్మ చెయ్యి ముంచి ఒక కొమ్మ పట్టుకుంది. నాచు ఆమె వేళ్ళకు అంటుకుంది. ఇంక కాపాడటానికేముంది వదినా, శనివారం దిబ్బ తెరిచి నలుపు తీసేద్దాం అన్నాడు చిన్నాన్న, ఈసారి వేళాకోళం లేకుండా. నాకూ అదే మంచిదనిపించింది.

"చావు జరిగిన చోట విందేంటి సిమియోనే?" అంది అమ్మ. "మీ అన్నకు నూరు రాత్రులు ఇచ్చాం. దీనికీ ఇవ్వండి. ఇవాళ్టినుంచి లెక్కపెట్టండి."

చిన్నాన్న వాదించలేదు. దిబ్బ మూసిన గుర్తుకు పాతిన గుంజకు కొత్త గుడ్డ కట్టాడు. ఇంటికొచ్చాక అమ్మ తన రెండో నల్లగౌను కుట్లు విప్పదీసింది. నన్ను నిలబెట్టి జానలతో నా భుజాలు, నడుము కొలిచింది. కుట్టడం అయ్యాక నా చేతిలో పెట్టింది.

"వేసుకో. పెంచినదానివి నువ్వే కదా," అంది.

వేసుకున్నాను అక్కా.

ఇట్లు,
నీ చెల్లెలు
సెరువాయా