పదింపావుకి వేసిన సంతకం

ట్రాయ్, మిషిగన్
14 ఏప్రిల్ 1983, గురువారం
ఉదయం 7.10

అమ్మకు నవోమి వందనాలు. ప్రభువు దయవల్ల మేమిద్దరం బాగున్నాం. నీ మోకాలి వాపు తగ్గిందని చదివి సంతోషించాం. మందు మాత్రం ఆపకు.

క్రిస్మస్ ఫోటోలో నా పక్కనున్న ఆవిడ ఎవరని అడిగావు. పేరు అబెనా ఒపోంగ్, ఘనా దేశస్థురాలు. నీలాగే పదకొండేళ్లు కాన్పులు చేసింది. రెండు నవలలు అచ్చయ్యాయి. మూడోది మా ఆసుపత్రి క్యాంటీన్‌లో కూర్చుని రాస్తోంది. మిగతా పొద్దంతా సికిల్ సెల్ రోగుల తరఫున ఆసుపత్రులతో పోట్లాట. అది రక్తానికి వచ్చే జబ్బు. ఇక్కడ ఎక్కువగా నల్లవాళ్లలో చూస్తాం. నొప్పి ఎముకల్లోంచి లేస్తుంది. అరిస్తే, మత్తు ఇంజక్షన్ కోసం నాటకమంటారు.

జనవరిలో డార్లీన్ అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయి అలాగే వచ్చింది. డాక్టర్ పదింపావుకి ఇంజక్షన్ రాశాడు. మూడోరోజుకి పిల్లకి కుడిచెయ్యి పడిపోయింది. ఇంజక్షన్ ఒంటిగంటకి గానీ ఇవ్వలేదని తల్లి అంటోంది. చార్టులో పదింపావు అనే ఉంది. ఇవాళ తొమ్మిదిన్నరకి విచారణ.

సోమవారం అబెనా ఆ చార్టు కాపీ నా ముందు పెట్టింది. "ఈ చేతిరాత ఎవరిది?"

"తెలియదు," అన్నాను.

ఆవిడ కాఫీలో చక్కెర కలుపుకుంది. "అబద్ధాలు రాయడం నా వృత్తి నవోమీ. నీది కాదు."

అమ్మా, ఆ సంతకం నాది. తనిఖీలో ఆలస్యం కనబడకుండా, ఆర్డర్ రాసిన టైమే మందిచ్చిన టైముగా వేయడం మా వార్డు అలవాటు. అందరూ చేస్తారు. కానీ ఆ ఆలస్యం వార్డుది కాదు, నాది. ఆ పిల్ల నటిస్తోందని నేనూ అనుకున్నాను. మిగతా పదకొండుమందినీ చూసి, చివర్న ఆమె దగ్గరికెళ్లాను.

రాత్రి నీ అల్లుడు సుందర్ రాజ్‌కి చెప్పాను. "గ్రీన్‌కార్డ్ స్పాన్సర్ చేసింది ఆ ఆసుపత్రివాళ్లే. ఇంటర్వ్యూ వచ్చే నెల. అప్పటిదాకా నోరు మూసుకోలేవా తల్లీ?" అన్నాడు. నా నర్సు లైసెన్స్ కూడా పోవచ్చు. ఆయన అన్నదీ తప్పు కాదు.

మిషన్ ఆసుపత్రిలో నువ్వు నాకు నేర్పిన మొదటి పాఠం, మందు లోపలికి వెళ్లాక గడియారం చూసి రాయడం.

సుందర్ కార్ స్టార్ట్ చేశాడు. నాతో విచారణకి రావడానికి ఆఫీస్‌కి లీవ్ పెట్టాడు. దారిలో పోస్టాఫీసు ఉంది. ఇప్పుడు 7.55. గడియారం చూసే రాశాను.

ఇట్లు,
నీ పెద్దకూతురు
నవోమి