త్రియెస్తెలో గోడ అవతలి సంబంధం

త్రియెస్తె, శుక్రవారం పొద్దున

బుద్ధి తప్ప అన్నీ దండిగా ఉన్న మా అన్నయ్య కొడుకు తుల్లియోకి నీ మేనత్త నివెస్ దీవెనలు.

నువ్వు హోటల్లో దిగగానే ఈ ఉత్తరం నీ చేతికి ఇస్తారు. నువ్వు రాసిందంతా చదివాను. ఓర్నెల్లాకి పాలెర్మోలో ఉద్యోగం వచ్చింది, సోమవారం వాళ్లకి జవాబు చెప్పాలి, ఈలోపు నువ్వు పెళ్లి మాట ఎత్తకపోతే ఆ అమ్మాయి నీకు దక్కదు. అంతేనా? ఆరేళ్లుగా బొలోన్యాలో తెరవని నోరు ఈ రెండు రోజుల్లో మా ఊళ్లో తెరుస్తావన్నమాట. మా సముద్రపు గాలి మీద నీకున్న నమ్మకానికి సంతోషం.

"టూరిస్టుల చోట్లు నాకొద్దు, ఊరివాళ్లు వెళ్లే చోట్లకే తీసుకెళ్లు" అందట కదా. తెలివైన పిల్ల. నీతో ఆరేళ్లు ఎలా వేగిందో మరి.

నేను మాత్రం ఆమె మొహం చూడను. కోపమేం లేదు. ఇదివరకు నువ్వు తెచ్చిన ముగ్గురికీ వండిపెట్టాను, ముగ్గురినీ కోడలా అని పిలిచాను, ముగ్గురూ వెళ్లిపోతే కూర్చుని ఏడ్చాను. నువ్వు ఏడవలేదు. ఖాయమయ్యాక తీసుకురా, అందాకా ఉత్తరాలే. టెలిఫోన్ ఎలాగూ పీకించేశాను. నా ఇంటి కింద బార్ నడిపే లీవియోకి ఇస్తే పైకి తెచ్చిస్తాడు. ఇరవై ఏళ్లుగా తెస్తున్నాడు. తెచ్చి, తలుపు దగ్గర ఏదో చెప్పబోయి, దగ్గి, దిగిపోతాడు.

ఇక ఊరి సంగతి. కోట చూడొద్దు. అది ఎక్కడికీ పోదు, అందుకే మేమెవరం చూడలేదు. కాఫీకి వెళ్తే మీ బొలోన్యా పేర్లు వల్లించకు, పైవూరివాడివని ఇట్టే పట్టేస్తారు. "కాపో" అను. అంతే. మిగతాది వాళ్లు చూసుకుంటారు.

నీ మేలు కోరే, నీ మాట నమ్మని
నివెస్ అత్త

తా.క.: మా తీరమంతా గులకరాళ్లు. ఆమెని మెత్తటి చెప్పులు వేసుకోమను. నువ్వు వేసుకోకపోయినా ఫర్వాలేదు.

హోటల్, శుక్రవారం సాయంత్రం

ఎంతో పెద్దరికం గల నివెస్ అత్తకి, గుండెదడ ఇంకా తగ్గని తుల్లియో నమస్కారాలు.

అత్తా, "కాపో" అంటే దేశమంతటా పెద్దాయన, నాయకుడు అనే కదా అర్థం. మీ ఊళ్లో కాఫీ తెచ్చేవాణ్ణి మర్యాదగా అలా పిలుస్తారు కాబోలు అనుకున్నాను. కూర్చోగానే "కాపో!" అన్నాను. అతను తలూపి వెళ్లి, పాలు వేసిన బుల్లి కప్పు ఒకటి తెచ్చి పెట్టాడు. ఇంకా ఏం కావాలో చెప్పనేలేదు, ఎంత చురుకో అనుకున్నాను. ఓర్నెల్లాకి పళ్లరసం చెబుదామని "కాపో, ఇటు రండి" అన్నాను. ఇంకో కప్పు. "అది కాదు కాపో." మరో కప్పు.

ఓర్నెల్లా చేతులు కట్టుకుని చూస్తోంది. ఊరివాళ్ల పద్ధతి ఇదేనని నమ్మించాలి కదా, వచ్చినవన్నీ తాగేశాను. ఇదే అదను అనుకుని "ఓర్నెల్లా, నేను నిన్ను ఒకటి..." అని మొదలుపెట్టేసరికి నా చేతులు గడగడా వణికి కప్పులన్నీ గలగలలాడాయి. "జ్వరమా?" అంది. అప్పటికే అతను మళ్లీ వస్తున్నాడు. "చాలు కాపో! వద్దు కాపో! నీకు దండం పెడతా కాపో!" అన్నాను. మూడు తెచ్చాడు.

ఇప్పుడు నిద్రపట్టే ఆశ లేదు. అడగాల్సింది అడగలేదు. ఇంకో చోటు చెప్పు అత్తా, ఆమె ముందు పరువు పోయేలా ఉంది.

కళ్లు మూతపడని
తుల్లియో

తా.క.: లీవియో నా ఉత్తరం తీసుకుని చొక్కా మడతలు సరిచేసుకున్నాడు. నీ ఇంటి మెట్లెక్కడానికి చొక్కా సరిచేసుకోవడం దేనికి?

ఇల్లు, అదే సాయంత్రం

కాఫీలో మునిగి తేలిన తుల్లియోకి, నవ్వి నవ్వి పొట్ట చెక్కలైన అత్త దీవెనలు.

కాపో అంటే పాలు కలిపిన చిన్న కాఫీరా! మా ఊళ్లో చంటిపిల్లకి కూడా తెలుసు. నువ్వు కాఫీని పట్టుకుని దండాలు పెట్టావన్నమాట.

సరే, రేపు పొద్దున పెదోచిన్‌కి తీసుకెళ్లు. పాత దీపస్తంభం పక్కన స్నానాల రేవు. ఎవర్నడిగినా చెబుతారు. త్రియెస్తె మనిషన్నవాడు అక్కడ ఒళ్లు ఎండబెట్టుకోకుండా వేసవి దాటించడు. నేను చిన్నప్పటి నుంచీ వెళ్తున్నాను. టికెట్ కొనుక్కుని ఇద్దరూ లోపలికి పోండి. ఎండకి ఒళ్లు వెచ్చబడితే మనసు మెత్తబడుతుంది. అప్పుడు అడిగెయ్. ఇందులో తప్పుగా అర్థం చేసుకోవడానికి ఏమీ లేదు.

ఆశ వదులుకోని
నివెస్ అత్త

తా.క.: శనివారాలు బార్ మూసి లీవియో కూడా అక్కడికే వస్తాడు. నీకు ధైర్యం తక్కువైతే ఆయన్ని అడగొద్దు, ఆయన దగ్గర అసలే లేదు.

హోటల్, శనివారం మధ్యాహ్నం

నా కొంప ముంచిన అత్తకి, తలమీద టవల్ ఇంకా తీయని తుల్లియో రాస్తున్నది.

గోడ ఉందని ఎందుకు చెప్పలేదు?

లోపలికి వెళ్లగానే టికెట్టావిడ "ఆడవాళ్లు అటు, మగవాళ్లు ఇటు" అంది. బట్టలు మార్చుకునే గదులు కాబోలు అనుకున్నాను. ఇటు వచ్చి చూస్తే తీరం మధ్యలో నా తలకి రెండింతలు గోడ! అది నీళ్లలోకి కూడా పోయింది. నేను పేకాడే మగవాళ్ల మధ్య, ఓర్నెల్లా గోడ అవతల. నీళ్లలో గోడ చుట్టూ తిరిగి వెళ్దామని ఈదితే కాపలావాడు ఈల వేశాడు.

లీవియో అక్కడే ఉన్నాడు. నా బాధ చెబితే పెద్దగా నిట్టూర్చి ఊరుకున్నాడు. పేకాడే ముసలాయన మాత్రం తల ఎత్తకుండానే, "గోడుంటే ఏం బాబూ, గొంతు లేదా? అరిచెయ్" అన్నాడు. పేరు పెట్టి పిలిస్తే నలుగురిలో సిగ్గుపడుతుందని పేరు లేకుండానే అరిచాను: "నన్ను పెళ్లి చేసుకుంటావా?"

 కాస్త ఆగి అవతల నుంచి, "చేసుకుంటా! ఇన్నాళ్లూ నోట్లో బెల్లం పెట్టుకున్నావుట్రా సన్నాసీ!"

ఇటు మగవాళ్లంతా చప్పట్లు. కానీ అత్తా, అది ఓర్నెల్లా గొంతు కాదు! ఎవరో ముసలావిడ! ఎక్కడో విన్నట్టే ఉన్న బొంగురు గొంతు. "బయటికి రా, గేటు దగ్గర చూస్తా" అని కూడా అంది. నేను టవల్ నెత్తిన కప్పుకుని ఒకటే పరుగు.

ఓర్నెల్లా చాలాసేపటికి వచ్చింది. నా మొహంలోకి చూస్తూ, "నాకేమైనా చెప్పాలా?" అంది. "ఎండ బాగుంది" అన్నాను. వెనక్కి తిరిగి, నాకంటే ముందే హోటల్‌కి నడిచింది.

ముక్కూ మొహం తెలియని ముసలావిడకి మాటిచ్చిన
తుల్లియో

తా.క.: మీ ఊళ్లో గోడ మీదుగా ఇచ్చిన మాట చట్టం ప్రకారం చెల్లుతుందా? తొందరగా కనుక్కో.

ఇల్లు, శనివారం సాయంత్రం

ఎండ బాగుందన్న మహానుభావుడికి, మాటలు రాని అత్త నుంచి.

గోడ ఎందుకు చెప్పలేదంటావా? సముద్రంలో నీళ్లుంటాయని కూడా చెప్పలేదు. ఆ గోడ తీసేద్దామని ఎవరైనా అంటే ముందు చీపురు ఎత్తేది మా ఆడవాళ్లమే. పొట్ట బిగబట్టకుండా పడుకోవడానికి మాకు మిగిలిన చోటు అదొక్కటేరా.

ఇంకో మాట. గోడ అవతల ఉన్న మనిషి వయసు నీకెలా తెలిసింది? ముసలావిడ ముసలావిడ అని రెండుసార్లు రాశావు. కొన్ని గొంతులు బొంగురుగా ఉంటేనే అందం.

ఇవాళ ఆమెని ట్రాములో కొండ మీదికి తీసుకెళ్లు. ప్రోసెక్కో ఊరి వైపు నడిస్తే దారి మలుపుల్లో పచ్చి కొమ్మ వేలాడుతుంటుంది. కొమ్మ ఉందంటే ఆ రైతు ఇంట్లో సొంత ద్రాక్షసారా అమ్ముతున్నాడని. లోపలికి పోయి దర్జాగా కూర్చోవాలి. పంది తొడ మాంసం, ఉడికిన గుడ్లు, ఎర్ర సారా అడుగు. మొహమాటపడితే పైవూరివాడంటారు. రెండు గ్లాసులు పడ్డాక అడిగెయ్. మధ్యలో బల్ల తప్ప ఏమీ ఉండదు.

నన్ను ఎక్కడికో విందుకి రమ్మంటున్నారు. నీకు ఉత్తరం ముగిస్తే గానీ కదలను.

నివెస్ అత్త

తా.క.: చెప్పడం మరిచాను. నాకు ఇవాళ పెళ్లి కుదిరింది. వివరాలు తర్వాత, ముందు నీ సంగతి చూసుకో.

హోటల్, ఆదివారం పొద్దున

అత్తా, దండాలు, క్షమాపణలు, అన్నీ ఒకేసారి.

ఈ ఉత్తరం లీవియోకి ఇవ్వడం లేదు. నేనే మెట్లెక్కి నీ తలుపు కింద తోస్తున్నాను.

నిన్న సాయంత్రం కొమ్మ కనబడింది. ఒకటి కాదు, గేటు నిండా కొమ్మలు, నడుమ కాగితం పూలు. పెద్ద దుకాణమే అనుకున్నాను. పెరట్లో బల్లల నిండా జనం. దర్జాగా కూర్చుని బల్ల చరిచాను. ఒకావిడ వింతగా చూసి మాంసం తెచ్చిపెట్టింది. "గుడ్లు ఇంకాస్త ఉడకాలమ్మా" అన్నాను. ఉడికించి తెచ్చింది. "సారా కూజా ఇంత చిన్నదా?" అన్నాను. పెద్దది తెచ్చింది. ఓర్నెల్లాకి ముచ్చటేసింది, రోజంతటిలో మొదటిసారి నవ్వింది కూడా. మంచి ఊపులో "బిల్లు ఎంతమ్మా?" అన్నాను.

ఆవిడ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"బిల్లేంటయ్యా? ఇది మా మరిది పెళ్లి ఖాయమైన విందు! నువ్వెవరి తాలూకు?"

"ఊరివాళ్ల తాలూకు" అన్నాను.

అప్పుడు పక్క బల్ల ముసలాయన, రేవులో పేకాడినాయనే, నా వీపు చరిచి, "మా లీవియో గోడ మీదుగా అరిచి అడిగాడట నాయనా! నేను పేకలో ఉండి మనిషిని చూడలేదు, గొంతు మాత్రం విన్నాను. ఉరిమినట్టుంది!" అన్నాడు.

"పెళ్లికూతురేదీ?" అన్నాను.

"రాలేదు. మేనల్లుడికేదో ఉత్తరం రాయాలట. వాడొట్టి వెర్రిబాగులవాడట పాపం."

సారా ముక్కులోంచి వచ్చింది అత్తా.

లీవియో నన్ను పీపాల వెనక్కి లాక్కెళ్లాడు. "బాబూ, నీ కాళ్లు పట్టుకుంటా. ఆవిడ గేటు దగ్గరికొచ్చి 'ఎవరడిగింది?' అంది. నువ్వు పారిపోయావు. నా నోట్లోంచి 'నేనే' అని వచ్చేసింది. ఇరవై ఏళ్లలో ఆవిడతో దగ్గకుండా అన్న మాట అదొక్కటే. చెప్పి నా బతుకు చెడగొట్టకు" అని ఏడ్చాడు.

చెప్పకపోతే నిన్ను మోసం చేసినవాణ్ణి అవుతాను. ఆ గొంతు నాది అత్తా. నిన్ను అడిగింది నేను. అంటే, నిన్ను కాదు. ఆయన్ని మాత్రం వదలకు, మంచివాడు. ఇక ఓర్నెల్లాకి ఏం చెప్పను? అడిగాను, కానీ మా మేనత్త ఒప్పుకుందనా? ఆమె పొద్దున్నే పెట్టె సర్దేసింది. పాలెర్మో ఇళ్ల కాగితాలేవో చదువుకుంటోంది. సాయంత్రం రైలు. నాకు ఆమె లేకుండా బతకడం రాదు. ఇది నీకు రాయగలను, ఆమెకి చెప్పలేను.

నీ మాజీ పెళ్లికొడుకు
తుల్లియో

తా.క.: నిజంగానే గుడ్లు సరిగ్గా ఉడకలేదు.

ఇల్లు, ఆదివారం మధ్యాహ్నం

నా ప్రియమైన వెర్రిబాగులవాడికి, నివెస్ అత్త రాస్తున్న ఆఖరి సలహా.

నీ గొంతు నాకు తెలియదనుకున్నావా? పుట్టగానే నువ్వు గుక్కపట్టింది నా చేతుల్లోనే. ఆ గొంతుకి మీసం వచ్చిందంతే. మొదటి అక్షరానికే పోల్చుకున్నాను.

నేను జవాబు చెప్పింది నీకు కాదురా, లీవియోకి. గోడ అవతల ఆయన ఉంటాడని తెలుసు. ఎవడో పరాయివాడు నన్ను ఎగరేసుకుపోతున్నాడనుకుంటే ఆ మానవుడు ఇప్పుడైనా కదులుతాడేమోనని అరిచాను. గేటు దగ్గర ఆయన "నేనే" అన్నప్పుడు అబద్ధమని తెలుసు. అంత అందమైన అబద్ధం నాతో ఎవరూ ఆడలేదు. విందుకి వెళ్లనిది కూడా నీ ఉత్తరం వల్ల కాదు, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి. ఆయనకి ఇదంతా చెప్పావంటే నీ తోలు తీస్తాను.

ఇక నీ సంగతి. నిన్న నా పక్కనే పొడుగుపాటి పిల్ల ఒకతె పడుకుని ఉంది. నువ్వు అరవగానే లేచి కూర్చుంది. "చేసుకుంటాను" అంది. నాకు మాత్రమే వినబడేలా. నాకంటే ముందు చెప్పింది. "గట్టిగా చెప్పమ్మా" అన్నాను. "ఆరేళ్లు ఆగాను, అరవనండీ. బయటికొచ్చి ఎదురుగా అడగనివ్వండి" అంది. బయటికొచ్చి "నాకేమైనా చెప్పాలా?" అని అడిగింది. నువ్వేమన్నావో మళ్లీ రాయను, సిరా దండగ.

మొహం చూడనన్నాను గానీ చూసేశాను, ఏం చేయను. ఇందాక తనే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నీ పొద్దుటి ఉత్తరం చదివించాను. నవ్వుతూ చదివింది. "ఆమె లేకుండా బతకడం రాదు" అన్నచోట ఆగిపోయింది. ఇంకా ఆ కాగితం చేతిలోంచి దింపలేదు. వెంటనే పైకి రా. వచ్చి, ఎండ గురించి కాకుండా మాట్లాడు.

నీ వల్ల పెళ్లికూతురైన
నివెస్ అత్త

తా.క.: పాలెర్మో ఉద్యోగం ఆమె వదులుకోవడం లేదు. శుక్రవారమే, నువ్వు ఆ కప్పులన్నీ తాగి నిద్రపట్టక దొర్లుతుండగా, ఒప్పుకుంటూ తంతి కొట్టేసింది. ఇద్దరికి సరిపోయే ఇల్లు చూసిపెట్టమని కూడా అందులోనే అడిగిందట. కాబట్టి నువ్వు పాలెర్మో వెళ్తున్నావు. అక్కడ ఊరివాళ్లు ఎక్కడ తిరుగుతారో నాకు తెలీదు, వేరే అత్తని వెతుక్కో.